మార్లిస్ పేరు మీద ఆరు కార్డులు

సోమవారం. ఫిబ్రవరి పది. ఉదయం తొమ్మిది ఇరవై.

మార్లిస్ ట్వెట్ పోలీస్ స్టేషన్‌లోకి వచ్చింది. బూట్ల మీది మంచు దులుపుకుంది. ఒక కవరు తీసి డిటెక్టివ్ జోడీ ప్రాట్ బల్ల మీద పెట్టింది.

"దొంగతనం జరిగింది," అంది.

"ఏం పోయింది?"

"అదే తెలీడం లేదు."

జోడీ పెన్ను కింద పెట్టింది. అయోవాలో మార్ల్ క్రీక్ అంత చిన్న ఊళ్లో దొంగతనమంటే ట్రాక్టర్ బ్యాటరీయో, వేటకి వాడే తుపాకీయో. ఏం పోయిందో తెలియని మనిషి రావడం ఇదే మొదటిసారి.

కవరులో కారు ఇన్సూరెన్స్ కంపెనీ ఉత్తరం ఉంది. ఇప్పటిదాకా ఆరు నెలలకి 486 డాలర్లు. మార్చి ఒకటి నుంచి 1,142.

"రేటు పెరగడం నేరం కాదండీ. నేరమైతే సగం ఊరు ఈ వరండాలోనే కూర్చునేది."

"కింద చదవండి. ఎందుకు పెరిగిందో రాశారు."

జోడీ చదివింది. యాక్సిడెంట్ మాట లేదు. స్పీడు టికెట్ మాట లేదు. మీ పేరు మీద నాలుగేళ్లలో ఎక్కువ క్రెడిట్ కార్డులు తెరిచారు. వాటి పరిమితి దాదాపు అంతా వాడేశారు. ఒక వాయిదా తప్పారు. అందువల్ల, అప్పులు ఎలా తీరుస్తారో అంకెల్లో చెప్పే మీ క్రెడిట్ స్కోరు పడిపోయింది, అందువల్ల ఈ రేటు.

"ఎన్ని కార్డులున్నాయి మీకు?"

"ఒకటి. పెట్రోలు బంకుది. ప్రతి నెలా కట్టేస్తాను."

మార్లిస్‌కి నలభై ఆరేళ్లు. నర్సు. ఆసుపత్రిలో కాదు, ఇళ్లకి వెళ్లి చూసే నర్సు. పొలాల మధ్య విడివిడిగా ఉన్న పదకొండు ఇళ్లు. రోజుకి తొంభై మైళ్లు. కారు లేకపోతే ఆ ఉద్యోగం లేదు. ఇన్సూరెన్స్ కాగితం లేకపోతే నర్సింగ్ ఏజెన్సీ కారు తీయనివ్వదు.

"1,142 కట్టలేను. మార్చి ఒకటిన నా పని పోతుంది. ఆ ముసలాళ్లకి ఇన్సులిన్ ఎవరు చేస్తారు?"

ఇంకా పందొమ్మిది రోజులుంది.

జోడీ తన కంప్యూటర్ ఆమె వైపు తిప్పింది. మార్లిస్ వివరాలు కొట్టింది. తొమ్మిది యాభై రెండుకి ఆమె క్రెడిట్ రిపోర్ట్ తెర మీదికొచ్చింది.

ఆరు కార్డులు. మొదటిది నాలుగేళ్ల కిందటి ఏప్రిల్‌లో. మొత్తం బాకీ ముప్పై ఒక్క వేల డాలర్లు. చిరునామా మార్లిస్‌దే. ఫోన్ నంబరు, ఈమెయిల్ మాత్రం ఆమెవి కావు. ఆ నంబరుకి ఫోన్ చేస్తే, పని చేయడం లేదని రికార్డు చేసిన గొంతు.

మార్లిస్ ఏడవలేదు. తెర మీద తన పేరునే చూస్తూ కూర్చుంది, అదెవరిదో అన్నట్టు.

"మీ సోషల్ సెక్యూరిటీ నంబరు, కార్డు తెరవాలంటే అడిగే ఆ తొమ్మిది అంకెలు, ఎవరికి తెలుసు?"

"ఇన్సూరెన్స్ ఏజెంట్ డ్వైట్‌కి. నా మాజీ మొగుడు గ్యారీకి. మా అక్క వెర్నాకి. అక్కని రాయకండి, పక్కింట్లోనే ఉంటుంది, నన్ను పెంచింది ఆవిడే."

"పోస్టు ఎవరు తీస్తారు?"

"రోడ్డు మీద నాదీ అక్కదీ పోస్టు పెట్టెలు రెండూ పక్కపక్కనే. ఎవరు ముందొస్తే వాళ్లు. వేసేది మాత్రం గ్యారీ."

"మీ మాజీ భర్త పోస్ట్‌మ్యానా?"

"మా రోడ్డుకి అతనే. తొమ్మిదేళ్లయింది విడిపోయి, రోజూ హారన్ కొట్టే పోతాడు."

జోడీకి నవ్వొచ్చింది. ఆపుకుంది.

"ఇన్నేళ్లుగా ఒకే కంపెనీయా? వేరేచోట రేటు అడగలేదా?"

"రెండుసార్లు అడుగుదామనుకున్నా. పాత కంపెనీని వదలడం మంచిది కాదంటే మానేశా."

ఎవరన్నారని జోడీ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగనందుకు మూడు రోజులు తిరగాల్సి వచ్చింది.

*

పదకొండు ఐదు. డ్వైట్ కోపెల్ ఇన్సూరెన్స్ ఆఫీసు.

డ్వైట్‌కి అరవై రెండేళ్లు. బల్ల మీద పిప్పరమింట్ల గిన్నె. ఉత్తరం చూడగానే అతని ముఖం పాలిపోయింది.

"ఇది నా వల్లే జరిగింది," అన్నాడు.

జోడీ నోట్‌బుక్ తెరిచింది. "వివరంగా చెప్పండి."

"మార్లిస్ స్కోరు తీసి పదేళ్లయింది. ఆ పాత స్కోరు మీదే రేటు నడుస్తోంది. ఇరవై రెండేళ్లలో ఒక్క యాక్సిడెంట్ లేదు. కొత్తగా తీయిస్తే నలభయ్యో యాభయ్యో తగ్గుతుంది కదా అని జనవరి ఇరవై ఒకటిన నేనే తీయమన్నా. ఫోన్ చేసి అడిగితే సరే డ్వైట్, నీ ఇష్టం అంది. తగ్గిస్తాననుకుని గొయ్యి తవ్వాను."

"కారు నడపడానికీ కార్డు బిల్లు కట్టడానికీ ఏమిటండీ సంబంధం?"

"ఇరవై ఎనిమిదేళ్లుగా జనం నన్నడిగేది అదే. బిల్లులు ఆలస్యం చేసేవాళ్లు క్లెయిములు ఎక్కువ వేస్తారని కంపెనీ లెక్క. రేటు వేసేది కంప్యూటరు, తిట్లు తినేది నేను."

"ఈ సంగతి అందరికీ తెలుసా?"

"పదిమందిలో తొమ్మిదిమందికి తెలీదు. తెలిసేది ఒకసారి దెబ్బతిన్నవాళ్లకే."

జోడీ ఆ మాట రాసుకుంది. కింద గీత గీయలేదు.

ఒక సంగతి మాత్రం తేలిపోయింది. ఆరు కార్డులు తెరిచింది డ్వైటే అయితే, కొత్త స్కోరు తీయమని అడగడు. దొంగ సొమ్ము దాచిన గది తలుపు దొంగే వచ్చి తెరవడు కదా.

డ్వైట్ పేరు మీద ఆమె అడ్డగీత గీసింది.

*

రెండు నలభై. మంచు రోడ్డు పక్కన గ్యారీ ట్వెట్ జీపు ఆగి ఉంది. జోడీ కిటికీ దగ్గరికి వెళ్లింది.

"రండి ఆఫీసరమ్మా. మాజీ మొగుణ్ణి, పోస్ట్‌మ్యాన్‌ని. రెండు రకాలుగా దొంగనే అన్నమాట."

"మూడో రకం కూడా ఉంది. అప్పు చేసి పడవ కొన్నారట, మార్లిస్ గారు చెప్పారు."

"అది పదేళ్ల కిందట! చెప్పకుండా కొన్నాననే కదా వదిలేసింది. నా పేరు మీదే కొన్నా, ఇప్పటికీ కడుతున్నా. ఆ పడవలో నాలుగుసార్లు కూడా ఎక్కలేదు తెలుసా?"

"మార్లిస్ గారి పేరు మీద కార్డు కవర్లు వచ్చాయా?"

"వచ్చాయి. ఐదో ఆరో. పెట్టెలో వేశా. ఇంకొకరి ఉత్తరం తెరిస్తే ఉద్యోగం పోతుంది, పింఛను పోతుంది. ఇంకో నాలుగేళ్లుంది నాకు."

"ఆమెకి చెప్పలేదా?"

"ఏమని చెప్పను? నీకు కార్డు వచ్చిందనా? ఆ ఇంట్లో నా మాట ఏనాడు చెల్లిందండీ? కారుకి బ్యాటరీ మార్చమంటే, ఉండు, అక్కని అడిగొస్తా అనేది. మొగుణ్ణి నేనా, వాళ్లక్కా అని అడిగా ఒకసారి. ఆలోచించింది చూడండి... ఆలోచించింది!"

జీపు కదిలింది. జోడీ అక్కడే ఒక నిమిషం నిలబడింది. గ్యారీకి కోపం ఉంది. అవకాశం ఉంది. పడవ బాకీ ఉంది. మంగళవారమంతా అతని కాగితాలు చూసింది. పడవ బాకీ నిజంగానే అతని పేరు మీద ఉంది. నెలనెలా కట్టిన రసీదులు ఉన్నాయి. ఆరు కార్డులతో అతన్ని కలిపే దారం ఒక్కటీ దొరకలేదు.

*

బుధవారం. పన్నెండు పది. వెర్నా వంటిల్లు.

వెర్నాకి అరవై ఒకటి. మార్లిస్‌కి తొమ్మిదేళ్లప్పుడు తల్లి పోతే, అప్పటినుంచీ చెల్లెలికి జడ వేసిందీ, బడికి పంపిందీ, నర్సింగ్ చదివించిందీ ఆమే. భర్త లైల్ ఐదేళ్ల కిందట క్యాన్సర్‌తో పోయాడు.

"కూర్చో అమ్మాయ్. తింటూ మాట్లాడు."

గిన్నె నిండా బీన్స్, మాంసం వేసి కారంగా ఉడికించిన చిల్లీ. పక్కనే ఇంకా ఆవిరి పోని దాల్చినచెక్క రోల్. రోల్‌ని చిల్లీలో ముంచి కొరికింది జోడీ. బయట నీళ్లు గడ్డకట్టే చలి. నోట్లో తీపి, కారం ఒకేసారి. ఈ రోల్ ఒకటి ఎమెట్‌కి పట్టుకెళ్లాలి అనుకుంది. పెళ్లయి ఇరవై మూడు రోజులు. మంచిదేది కనిపించినా సగం పక్కన పెట్టడం కొత్తగా అలవాటైంది.

"గ్యారీయే," అంది వెర్నా, అడగకముందే. "పెట్టె అతని చేతిలో ఉంటుంది. అప్పుడు పడవ, ఇప్పుడు కార్డులు."

"అంత బాగా తెలుసా?"

"ఆ ముఖం చూడు తెలుస్తుంది."

"మీ చెల్లెలికి ఇన్సూరెన్స్ రేటు పెరగడం వల్ల ఇదంతా బయటపడింది."

"అదే నాకు వింతగా ఉంది. కారు ఇన్సూరెన్సుకీ కార్డులకీ లింకేమిటి? ఇలాంటిదొకటి ఉంటుందని ఇప్పుడే వింటున్నా." వెర్నా ఇంకో రోల్ పళ్లెంలో పెట్టింది. "తిను. సన్నగా ఉన్నావు. మొగుడు వండుతాడా?"

"శాండ్‌విచ్ చేసి డబ్బాలో పెడతాడండి. త్రికోణాలుగా కోసి."

"ఆహా! లైల్ కూడా అంతే. మొదటి ఏడాది." వెర్నా నవ్వింది. ఆ నవ్వు బాగుంది. జోడీకి ఆమె నచ్చింది.

బయటికొచ్చి కారెక్కాక కూడా నచ్చుతూనే ఉంది.

*

గురువారం. ఉదయం ఏడు పదిహేను. జోడీ ఇల్లు.

ఎమెట్ వంటింట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని గట్టిగా అరిచాడు.

"జోడీ! పెళ్లి చేసుకుంటే రేటు తగ్గుతుందట! నీ కారు, నా కారు ఒకే పాలసీలో పెడితే ఏడాదికి మూడొందల పది డాలర్లు మిగులుతుంది. మూడు కంపెనీల్లో అడిగా."

"నా సోషల్ సెక్యూరిటీ నంబరు ఎక్కడిది నీకు?"

"ఆదివారం మధ్యాహ్నం నువ్వే చెప్పావుగా, పన్ను కాగితాలు నింపేటప్పుడు. నాకు కంఠతా వచ్చేసింది."

నిజమే. సోఫాలో అతని భుజానికి ఆనుకుని తొమ్మిది అంకెలూ ఒక్కొక్కటిగా చెప్పింది. ముద్దుమాటల్లా చెప్పింది. ప్రతి అంకెకీ అతను తల ఊపాడు.

ఒక్క క్షణం అతని పేరు కూడా మనసులోని అనుమానితుల జాబితాలోకి ఎక్కబోయింది. వెంటనే తన మీద తనకే నవ్వొచ్చింది. అతని తల మీద ముద్దు పెట్టింది.

"రేటు అడిగితే చాలా? పాలసీ కొనకుండానే స్కోరు చూస్తారా?"

"చూడకుండా రేటెలా చెప్తారు? రెండు నిమిషాల్లో మన జాతకమంతా లాగేశారు."

జోడీ చేతిలో కాఫీ కప్పు అలాగే ఆగింది.

మార్లిస్ రెండుసార్లు వేరే కంపెనీ రేటు అడగబోయింది. అడిగి ఉంటే, ఆ క్షణమే అంతా బయటపడేది. ఎవరో ఆపారు.

ఏడు ఇరవై రెండుకి ఫోన్ చేసింది.

"మార్లిస్ గారూ, పాత కంపెనీని వదలడం మంచిది కాదని మీతో ఎవరన్నారు?"

అవతల కారు ఇంజన్ చప్పుడు. తర్వాత చిన్న గొంతు.

"ఎందుకు?"

"చెప్పండి."

"అక్క," అంది మార్లిస్.

*

గురువారం. మధ్యాహ్నం మూడున్నర. డ్వైట్ ఆఫీసు.

నాలుగు కుర్చీలు. డ్వైట్, గ్యారీ, మార్లిస్, వెర్నా. అక్కచెల్లెళ్లు మార్లిస్ కారులోనే వచ్చారు. దారిలో మార్లిస్ ఏమీ అడగలేదట. అడిగితే జవాబు వస్తుందని భయం.

జోడీ నిలబడే మాట్లాడింది.

"నంబరు ముగ్గురికీ తెలుసు. పెట్టె ఇద్దరి చేతిలో ఉంది. నేను చూడాల్సింది అది కాదు. దొంగ దేనికి భయపడాలి? కార్డు కంపెనీలకి భయం లేదు, కనీస వాయిదా కడుతూ పోతే చాలు. భయపడాల్సింది ఒక్కదానికే. ఎవరైనా మార్లిస్ గారి స్కోరు చూడడానికి. ఆవిడ ఇల్లు కొనరు, లోన్ తీసుకోరు. స్కోరు చూసేది ఒక్క కారు ఇన్సూరెన్స్ వాళ్లే, అదీ కొత్త కంపెనీకి వెళ్తేనే. ఆ సంగతి తెలిసిన మనిషే వెళ్లొద్దని ఆపింది."

"మంచి మాట చెప్పడం కూడా తప్పా?" అంది వెర్నా.

"ఇన్సూరెన్సుకీ కార్డులకీ లింకుందని నిన్ననే విన్నానన్నారు మీరు."

"విన్నా. అయితే?"

జోడీ డ్వైట్ వైపు చూసింది. డ్వైట్ పిప్పరమింట్ల గిన్నె వైపు చూస్తూ చెప్పాడు.

"ఐదేళ్ల కిందట, లైల్ పోయాక, ఆసుపత్రి బిల్లులకి వెర్నా దివాలా పిటిషన్ వేసింది. ఆ ఏడాది ఆమె కారు రేటు మూడింతలైంది. ఇదే కుర్చీలో కూర్చుని గంటసేపు నన్ను తిట్టింది. నా మొగుడి క్యాన్సర్‌కీ నా డ్రైవింగుకీ ఏమిటి సంబంధం అని. కంపెనీ లెక్క ఆ రోజే ఆమెకి విడమరిచి చెప్పాను."

గ్యారీ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఈసారి ఎగతాళి చేయలేదు.

"అది జరిగిన ఏడాదికి మొదటి కార్డు," అంది జోడీ. "మార్లిస్ గారి అభ్యర్థన మీద బ్యాంకు పొద్దున స్టేట్‌మెంట్లు పంపింది. మందుల షాపు. కరెంటు. లైల్ గారి సమాధి రాయి. ఇదొకటి చూడండి. నవంబరు పన్నెండు. టైర్ల షాపు. నాలుగు మంచు టైర్లు. 604 డాలర్లు."

మార్లిస్ కాగితం అందుకుంది. చాలాసేపు చూసింది.

"ఇవి నా కారువి," అంది.

కాగితాన్ని అక్క వైపు తిప్పింది.

"నా పుట్టినరోజుకి పెట్టావు. రిబ్బను కూడా కట్టావు. నేను ఏడ్చాను. అక్కా, నా పేరు మీద అప్పు చేసి నాకే బహుమతి ఇచ్చావా?"

"మంచులో తిరుగుతావే. అరిగిపోయిన టైర్లతో. చూస్తూ ఎలా ఊరుకోను?" అంది వెర్నా. "నా పేరు చెప్తే దుప్పటి కూడా వాయిదాల మీద ఇవ్వరు. నీ పేరు శుభ్రంగా ఉంది. నువ్వు వాడవు. ఊరికే పడి ఉంది కదా అనుకున్నా. కట్టేద్దామనే అనుకున్నా. క్రిస్మస్ దాకా కట్టాను కూడా. ఒక కార్డుతో ఇంకో కార్డు బాకీని. తర్వాత ఏడో కార్డు ఎవరూ ఇవ్వలేదు."

"అడిగితే నేనిచ్చేదాన్ని."

"తెలుసు. అందుకే అడగలేదు. నిన్ను అడగాల్సొచ్చిందా అనుకున్నా."

"అందుకని దొంగతనం చేశావా?"

వెర్నా తల వంచుకుంది.

"నాలుగేళ్లు," అంది మార్లిస్. "రోజూ నాకు పోస్టు తెచ్చి ఇచ్చావు. ముందే నీక్కావలసింది తీసేసుకుని, మిగిలింది నా బల్ల మీద పెట్టావు. నేను థ్యాంక్స్ చెప్పేదాన్ని."

డ్వైట్ గొంతు సవరించుకున్నాడు. "మార్లిస్, పోలీస్ రిపోర్ట్ ఉంటే ఈ స్కోరుని పక్కన పెట్టమని కంపెనీకి రాస్తా. పాత రేటే వేయిస్తా. నీ పని పోదు."

జోడీ ఫారం బల్ల మీద పెట్టింది. మూడు పేజీలు. రెండో పేజీ మధ్యలో ఒక గడి. అనుమానితుల పేరు, తెలిసినట్లయితే.

"అది ఖాళీగా వదిలెయ్యి," అంది వెర్నా. "తెలీదని రాయి. మార్లీ, నేను కడతా. ఇల్లు అమ్మైనా కడతా."

"తెలిసీ తెలీదని సంతకం పెడితే అది అబద్ధపు స్టేట్‌మెంట్ అవుతుందండీ," అంది జోడీ. "పేరు రాస్తే కాగితాలు కేసులు నడిపే సర్కారు వకీలు, కౌంటీ అటార్నీకి వెళ్తాయి. ఈ రోజు అరెస్టు ఉండదు. కోర్టు నుంచి పిలుపు వస్తుంది."

"నీకు జడ వేశానే," అంది వెర్నా. మెల్లగా, చెల్లెలికి తప్ప ఎవరికీ వినపడకూడదన్నట్టు. అందరికీ వినపడింది.

మార్లిస్ పెన్ను తీసుకుంది. గడి మీద పెట్టింది. ఎత్తింది.

"మిస్టర్ హాల్వర్సన్‌కి రేపు ఏడింటికి ఇన్సులిన్ చేయాలి," అంది ఎవరితోనో. "ఆయనకి కళ్లు కనపడవు."

తర్వాత రాసింది. ఇంటిపేరుతో సహా, తడబడకుండా, ఆసుపత్రి చార్టులో రాసినంత నీటుగా. సంతకం పెట్టింది. తేదీ వేసింది. సమయం నాలుగు నలభై.

వెర్నా తన పేరు తలకిందులుగా కనిపిస్తుంటే చూసింది. చేతి సంచీ ఒళ్లోకి లాక్కుంది.

గ్యారీ లేచాడు. "వెర్నాని నేను దింపుతాలే," అన్నాడు.

"వద్దు," అంది మార్లిస్. "నీ జీపులో ఒకటే సీటు."

బయట మంచు మళ్లీ మొదలైంది. మెట్ల మీద జారుతుందని జోడీ వాళ్లతో కారు దాకా నడిచింది. అక్కచెల్లెళ్ల మధ్య మూడడుగుల దూరం. వెర్నా తలుపు తీసుకుని కూర్చుంది, మంచు దులుపుకోకుండానే. మార్లిస్ స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తోంది. అద్దం మీది మంచు రెండుసార్లు తుడుచుకుంది, మూడోసారి కూడా. పదకొండు మైళ్ల దారి.

"అక్కా," అంది చివరికి, తల తిప్పకుండా. "బెల్టు పెట్టుకో."